'అట' అన్న సాక్షిని కోర్టు ఎందుకు ఆపుతుంది?

నేను పుట్టిన రోజు నాగావళికి వరద వచ్చిందట. దసరాకు నాలుగు రోజుల ముందట. మంత్రసాని ఏరు దాటి రాలేకపోతే మా అమ్మమ్మే బొడ్డు కోసిందట. ఈ సంగతులు చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్నాను, ఎన్నోసార్లు చెప్పాను. ఎప్పుడు చెప్పినా చివరి 'ట' మాత్రం వదలలేదు. అది తీసేసి 'నేను పుట్టిన రోజు వరద వచ్చింది' అంటే మా శ్రీకాకుళంలో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. నువ్వు చూశావా మరి, అని అడుగుతారు.

కోర్టు అడిగేదీ ఆ ప్రశ్నే. న్యాయశాస్త్రంలో 'వినికిడి సాక్ష్యం' అనే పెద్ద అధ్యాయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాక సెక్షన్ల నంబర్లు మారాయి, దాంతో పాత సందేహాలు మళ్లీ లేచాయి. వినికిడి సాక్ష్యం చెల్లదని ఒకరంటారు. చెల్లకపోతే మరణ వాంగ్మూలం మీద శిక్షలెలా పడుతున్నాయని ఇంకొకరు అడుగుతారు. పేపరులో వచ్చిందిగా, అది సాక్ష్యం కాదా అని మూడో ఆయన. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. కాకపోతే ముగ్గురూ 'వినికిడి'ని మూడు అర్థాల్లో వాడుతున్నారు.

## క్రియ చివర వేలాడే ఒక్క అక్షరం

'బస్సు వెళ్లిపోయింది' అన్న మనిషి అది రేపిన దుమ్ము చూశాడు. 'బస్సు వెళ్లిపోయిందట' అన్న మనిషి ఆ సంగతి టీకొట్టు దగ్గర విన్నాడు. ఈ తేడా చెప్పడానికి తెలుగుకు ఒక్క అక్షరం చాలు. కన్నడానికి 'అంతె' ఉంది, తమిళానికి 'ఆమ్' ఉంది. ఎక్కడో ఉన్న తుర్కీ భాషలోనూ, దక్షిణ అమెరికాలోని కెచువాలోనూ ఇలాంటి ప్రత్యయాలున్నాయి. ఇంగ్లీషుకు మాత్రం లేదు, అది అదనపు మాటలతో నెట్టుకొస్తుంది.

మన 'ట' ఒక్క పనితో ఊరుకోదు. 'రేపు తుపానట' అన్నప్పుడు కబురు మోస్తుంది. 'ఆయన పెద్ద మేధావట!' అన్నప్పుడు వెక్కిరిస్తుంది. 'నువ్వు వెంటనే ఇంటికి రావాలట' అన్నప్పుడు ఇంకొకరి ఆజ్ఞను మన నోట పలికిస్తుంది, వినేవాడి కోపం మన మీదకు రాకుండా. అన్నిటికంటే విచిత్రమైనది 'నేను నిద్రలో మాట్లాడానట'. నా సంగతి నేనే ఇతరుల నోట విని చెప్పుకోవాల్సిన అవస్థ అది. వీటన్నిటిలోనూ ఉమ్మడిగా వినిపించేది ఒకటే: ఈ మాటకు పూచీ నాది కాదు, అసలు చెప్పినవారు వేరే ఉన్నారు, వారిక్కడ లేరు.

కోర్టుకు కావలసింది ఆ ఇక్కడ లేని మనిషి.

ఇందులో ఒక బెడద కూడా ఉంది. సాక్షి బోనులో నిలబడి 'బస్తాలు వాడే ఎత్తుకుపోయాడట బాబూ' అంటాడు. సాక్ష్యం ఇంగ్లీషులో నమోదయ్యే చోట ఆ 'ట'ను పట్టుకుని 'ఇతరులు చెప్పగా విన్నాను' అని రాయించకపోతే, కాగితం మీద అతను కళ్లారా చూసినవాడైపోతాడు. తెలుగు తెలిసిన మంచి వకీలు ఈ అక్షరం కోసం చెవులు రిక్కించి కూర్చోవలసిందే.

## చెవితో విన్నదంతా వినికిడి సాక్ష్యం కాదు

పేరులోనే మెలిక ఉంది. అర్ధరాత్రి పక్కింట్లో కేక వినిపించిందని, తలుపు విరిగిన చప్పుడు వినిపించిందని చెప్పే మనిషి తాను విన్నదే చెబుతున్నాడు. అయినా అతనిది ప్రత్యక్ష సాక్ష్యమే. చట్టం, పాతదైతే 60వ సెక్షనులో, కొత్తదైతే 55లో, చెప్పేది ఇది: కంటికి కనిపించే సంగతైతే చూసినవారు వచ్చి చెప్పాలి. చెవికి వినిపించే సంగతైతే విన్నవారు చెప్పాలి. మరో ఇంద్రియానికి తెలిసేదైతే ఆ ఇంద్రియంతో గ్రహించినవారు చెప్పాలి. అభిప్రాయమైతే ఆ అభిప్రాయం ఉన్నవారే చెప్పాలి. 'కళ్లారా', 'చెవులారా' అనే మన రెండు పాత మాటల్లో ఈ సెక్షను ముప్పాతిక వంతు ఇమిడిపోతుంది. 'సాక్షి' అన్న సంస్కృత పదానికి పాణిని చెప్పిన అర్థం కూడా స్వయంగా చూసినవాడనే.

అంటే వినికిడి సాక్ష్యమంటే ఇంకొకరు బయటెక్కడో అన్న మాటను తెచ్చి, ఆ మాటలోని సంగతి నిజమని రుజువు చేయడానికి వాడుకోవడం. ఇందులో రెండో సగం చాలా ముఖ్యం, దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

వాడుకలో మనకు ఇంకా సన్నని తేడాలున్నాయి. ఎవరు పుట్టించారో తెలియనిది పుకారు. ఎవరు చెప్పారో తెలిసి, ఆ చెప్పడంలో కొంత విషముంటే చెప్పుడు మాట. కాపురాలు కూలేది దీనివల్లే. అటూ ఇటూ తిరిగి పోగుచేసుకొచ్చింది భోగట్టా. కోర్టు గుమ్మం దగ్గర ఈ మూడూ ఒకే వరుసలో నిలబడాలి.

## జీడిపిక్కల బస్తాలు: ఒక ఊహా కేసు

పలాస దగ్గర ఒక ఊరు అనుకుందాం. రైతు ఇంటి అరుగు మీద పెట్టిన మూడు జీడిపిక్కల బస్తాలు, ఒక్కొక్కటి 80 కిలోలు, తెల్లవారేసరికి లేవు. ఎదురింటి ముసలమ్మ నిద్ర పట్టక లేచి కూర్చుంటే, వీధి దీపం వెలుగులో ఫలానా కుర్రాడు వాటిని ఆటోలోకి ఎక్కిస్తూ కనిపించాడు. పొద్దున్నే కోడలికి చెప్పింది. కోడలు బోరింగు దగ్గర నలుగురికి చెప్పింది. మధ్యాహ్నానికి టీకొట్టాయనకు తెలిసింది. సాయంత్రానికి ఊరంతటికీ తెలుసు, పైగా అప్పటికి బస్తాలు మూడు కాదు, ఏడు.

రైతు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. తాను చూడకపోయినా, విన్నదాన్ని బట్టి ఎఫ్‌ఐఆర్ నమోదు కావచ్చు. దర్యాప్తు మొదలు కావడానికి అది చాలు. వడపోత విచారణ దగ్గర జరుగుతుంది.

ముసలమ్మ బోనెక్కితే ఆమెది ప్రత్యక్ష సాక్ష్యం. నీ చూపు ఎలా ఉంది, వీధి దీపం ఎంత దూరంలో ఉంది, ఆ కుర్రాడి తల్లితో నీకు గట్టు తగాదా ఉందా లేదా అని అవతలి వకీలు అడ్డు ప్రశ్నలు వేస్తాడు. ఆమె తట్టుకుంటే మాట నిలుస్తుంది.

కోడలు వచ్చి 'మా అత్త చూసిందట' అంటే దొంగతనం రుజువు కాదు. అలాగని ఆమె రాక వృథా కూడా కాదు. అత్త సాక్ష్యం చెప్పాక, 'ఆ పొద్దున్నే ఈమె ఇదే మాట నాతో అంది' అని కోడలు చెబితే అత్త మాటకు అది దన్ను. కేసు పెట్టాక అల్లుకున్న కథ కాదని తెలుస్తుంది. చట్టం ఇందుకు ఒప్పుకుంటుంది.

టీకొట్టాయన 'ఊరంతా వాడేనంటున్నారు' అంటాడు. ఊరంతా అంటున్నారన్నదానికి తప్ప ఇది దేనికీ సాక్ష్యం కాదు. నిప్పు లేనిదే పొగ రాదని సామెత ఉంది నిజమే, కానీ టీకొట్టు దగ్గర పొగ ఎప్పుడూ ఉంటుంది.

ఆటో డ్రైవరు దగ్గర కథ మలుపు తిరుగుతుంది. 'బస్తాలు నేనే తీశానని ఆ కుర్రాడే నాతో అన్నాడు' అంటాడు. ఇదీ కోర్టు బయట ఎవరో అన్న మాటే, దీన్నీ ఆపాలి కదా? ఆపరు. ఇక్కడ అసలు మాట అన్నవాడు నిందితుడే. అతను కోర్టులోనే ఉన్నాడు, కాదని చెప్పుకోగలడు. అందుకని మనిషి సొంత ఒప్పుకోలు అతని మీద వాడవచ్చు. అయితే ఇలాంటి ఒప్పుకోళ్లను కోర్టులు చాలా జాగ్రత్తగా తూచి చూస్తాయి. అదే ఒప్పుకోలు పోలీసు అధికారి ముందు చేస్తే అసలే పనికిరాదు. పాత చట్టం 25వ సెక్షనులో, కొత్త చట్టం 23వ సెక్షనులో ఈ నిషేధం ఉంది. కస్టడీలో అతను చెప్పిన చోట బస్తాలు దొరికితే, ఆ దొరకడానికి దారి చూపిన మేరకు మాత్రం ఆ మాట లెక్కలోకి వస్తుంది.

## లేని మనిషిని ప్రశ్నించడం ఎలా?

కోడలి మాట తోసిపుచ్చగానే 'అంటే ఆమె అబద్ధమాడిందనా?' అని ఊళ్లో రోషాలు వస్తాయి. కోర్టు ఆ మాట అనలేదు. కోడలు అక్షరం పొల్లుపోకుండా నిజమే చెబుతూ ఉండవచ్చు. కానీ ఆమెను ఎన్ని ప్రశ్నలడిగినా వీధి దీపం ఎంత వెలుగిచ్చిందో ఆమె చెప్పలేదు. ప్రమాణం చేసింది కోడలు, చూసింది అత్త. పరీక్షకు నిలవాల్సిన కళ్లు ఇంట్లో ఉండిపోయాయి.

1603 నవంబరులో ఇంగ్లండులో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగింది. ప్రధాన ఆధారం కోబ్‌హామ్ ప్రభువు అధికారులకిచ్చిన వాంగ్మూలం. ఆయన అప్పటికి ఖైదులో బతికే ఉన్నాడు. ఆయన్ను తీసుకొచ్చి నా ముఖాన చెప్పించండని రాలీ పదేపదే వేడుకున్నా వినలేదు. పైగా ఒక ఓడ చోదకుడు వచ్చి, రాలీ, కోబ్‌హామ్ కలిసి రాజు గొంతు కోస్తారని లిస్బన్‌లో ఒక పెద్దమనిషి అనగా విన్నానని చెప్పాడు. ఆ పెద్దమనిషి ఎవరో, అతనికెలా తెలిసిందో ఎవరూ అడగలేదు, అడగడానికి అతను అక్కడ లేడు. రాలీకి మరణశిక్ష పడింది; 1618లో అమలైంది. వినికిడి సాక్ష్యం గురించి మాట్లాడేవారు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఈ విచారణనే తలుచుకుంటారు.

మన సుప్రీంకోర్టు 2011లో ఒక ఎన్నికల కేసులో ఇంకో కారణం కూడా చెప్పింది: నోరు మారిన ప్రతిసారీ నిజం పలచబడుతుంది. మూడు బస్తాలు ఏడైన సంగతి చూశాం కదా.

## అదే మాట, వేరే పని

ఇప్పుడు ఆ రెండో సగం. బయట అన్న మాటను అందులోని సంగతి నిజమని చూపడానికి వాడితేనే అది వినికిడి. ఆ మాట అన్నారు అన్నంతవరకే కావాలంటే, విన్న మనిషి ప్రత్యక్ష సాక్షే.

దీన్ని తేల్చిన కేసు మలయా (ఇప్పటి మలేసియా) నుంచి వచ్చింది. అక్కడ సుబ్రమణ్యం అనే మనిషి దగ్గర తూటాలు దొరికాయి. తిరుగుబాటుదారులు పట్టుకుని చంపుతామని బెదిరిస్తే దగ్గర ఉంచుకున్నానని అతని వాదన. వాళ్లేమన్నారో చెప్పబోతే, అది వినికిడి అని కింది కోర్టు నోరు నొక్కింది. 1956లో ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ వలసల అప్పీళ్లు వినే లండన్‌లోని పై కోర్టు, ఆ శిక్షను కొట్టేసింది. వాళ్లు నిజంగా చంపేవాళ్లా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అలాంటి బెదిరింపు చెవిన పడ్డ మనిషి భయపడ్డాడా లేదా అన్నదే ప్రశ్న. భయానికి ఆ మాటలే సాక్ష్యం.

మన ఊహా కేసులో ఆ కుర్రాడు నిర్దోషిగా తేలి, టీకొట్టాయన మీద పరువు నష్టం కేసు వేశాడనుకోండి. 'వాడు దొంగ' అని టీకొట్టాయన అనగా విన్న మనిషి ఇప్పుడు మొదటి వరుస సాక్షి. నిన్న పనికిరాని టీకొట్టు మాటలే ఇవాళ కేసుకు ప్రాణం. నేను దొంగ అనలేదు, 'దొంగట' అన్నాను అంటే టీకొట్టాయన బయటపడతాడా? అంత తేలిక కాదు. నిందను పుట్టించినవాడితో పాటు దాన్ని ప్రచారం చేసినవాడూ చట్టం ముందు జవాబుదారే. కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద రెండేళ్ల వరకు శిక్షకు వీలుంది. వ్యాకరణం అతని నిజాయితీని చూపవచ్చునేమో కానీ, దానంతటదే గొడుగు పట్టదు.

పేపరు వార్త సంగతీ ఇలాంటిదే. ఫలానా రోజు ఫలానా వార్త అచ్చయిందనడానికి ఆ పేజీ సాక్ష్యం. అందులో రాసిన సంఘటన జరిగిందనడానికి అది రెండో చేతి వినికిడి. రాసిన విలేకరి గానీ, చూసినవారు గానీ వచ్చి చెప్పాలి. 1988లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది.

## పిఠాపురంలో రైలెక్కిన మనిషి

మినహాయింపుల్లో పెద్దది మరణ వాంగ్మూలం, పాత చట్టంలో 32వ సెక్షను, కొత్తదానిలో 26. దీనికి దేశమంతా చదివే తీర్పు మన రైలు మార్గం మీద నడిచిన కథ నుంచే వచ్చింది.

పిఠాపురం దివాను దగ్గర ప్యూనుగా పనిచేసిన ఒకాయన, ఆ దివాను కూతురికి 1936లో 3,000 రూపాయలు, 18 శాతం వడ్డీకి అప్పిచ్చాడు. 1937 మార్చిలో అతనికి బరంపురం రమ్మని సంతకం లేని ఉత్తరం వచ్చింది. 'ఆవిడ రాయించింది, బాకీ తీసుకోవడానికి వెళ్తున్నాను' అని భార్యతో చెప్పి మార్చి 21న బయలుదేరాడు. విజయనగరం, ఆమదాలవలస, పలాస, ఇచ్ఛాపురం మీదుగా వెళ్లే దారి అది. రెండు రోజుల తర్వాత పూరీ స్టేషనులో, మూడో తరగతి పెట్టెలో ఎవరూ తీసుకోని ఇనప ట్రంకు ఒకటి కనిపించింది. తెరిస్తే అతని శవం, ఏడు ముక్కలుగా.

నిందితుడు ఆ దివాను అల్లుడు, అప్పు తీసుకున్నావిడ భర్త, పాకాల నారాయణస్వామి. చనిపోయిన మనిషి బయలుదేరే ముందు భార్యతో అన్న మాట సాక్ష్యమవుతుందా? ఇంగ్లండు చట్టమైతే కాదు. అక్కడ చావు తప్పదని ఆశ వదులుకున్న స్థితిలో అన్న మాటకే ఆ గౌరవం. ఈయనేమో డబ్బు చేతికొస్తుందని హుషారుగా బయలుదేరాడు. 1939 జనవరిలో ప్రీవీ కౌన్సిల్ తరఫున లార్డ్ అట్కిన్ తీర్పు చెబుతూ, భారత చట్టం మాటలు వేరని అన్నాడు. చావుకు దారితీసిన పరిస్థితులకు సంబంధించిన మాటైతే చాలు, చెప్పినప్పుడు చావు ఊహలో ఉండనక్కరలేదు. భార్య మాట నిలిచింది, ఉరిశిక్ష ఖాయమైంది.

తర్వాత కాలంలో మన సుప్రీంకోర్టు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. నమ్మదగినదైతే మరణ వాంగ్మూలం ఒక్కదాని మీదే శిక్ష వేయవచ్చని 1957లో అంది. చెప్పిన మనిషికి స్పృహ, నిలకడ ఉన్నాయని రాసుకున్న అధికారి తృప్తి పడితే, డాక్టరు ధ్రువపత్రం లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చనక్కరలేదని 2002లో అయిదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చింది. చావు ముందు మనిషి అబద్ధమాడడన్న నమ్మకం దీనికి పునాది అంటారు. నాకు ఆ నమ్మకం అంత గట్టిగా లేదు. పగ చావు ముందు కూడా పోదు. చూసినవారు వేరే లేని నేరాల్లో ఆ మాట కూడా లేకపోతే కేసే ఉండదన్న అవసరమే అసలు పునాది అని నాకు తోస్తుంది.

## చూసిన ముసలమ్మ చనిపోతే

మన బస్తాల కేసుకు తిరిగి వద్దాం. విచారణ మొదలయ్యేలోపు ముసలమ్మ జ్వరంతో పోయింది. ఇప్పుడు కోడలి నోట ఆమె మాట వినవచ్చా? చాలామంది వినవచ్చనుకుంటారు, మనిషి పోయింది కదా అని. కానీ మరణ వాంగ్మూలం చెప్పిన మనిషి చావు గురించే ఉండాలి. ఆమె పోయింది జ్వరంతో, చెప్పింది జీడిపిక్కల గురించి. ఆ మాట ఆమెతోనే పోయింది.

ఆమె అదే కేసులో ముందే బోనెక్కి, అడ్డు ప్రశ్నలకు జవాబిచ్చి, తర్వాత పోయి ఉంటే ఆ నమోదైన సాక్ష్యం పనికొచ్చేది. ఇంకో దారి కూడా ఉంది. ఆ రాత్రే ఆమె అరుగు మీద నుంచి కుర్రాడి పేరు పెట్టి 'ఒరే, ఆ బస్తాలెక్కడికిరా!' అని అరిచి, పక్కింటివాడు ఆ అరుపు విని ఉంటే, అతను వచ్చి చెప్పవచ్చు. జరుగుతున్న సంఘటనలో భాగంగా పుట్టిన మాటకు చట్టం చోటిచ్చింది. ఆలోచించుకుని మాట మార్చే వ్యవధి అందులో ఉండదు. రాత్రి అరుపు చెల్లుతుంది, పొద్దుటి కబురు చెల్లదు.

ఆ వ్యవధి ఎంత అన్నది చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ముందుకొచ్చింది. 1993 మార్చి 8న దోపిడీకి దిగినవారు పెట్రోలు పోసి నిప్పంటిస్తే 23 మంది ప్రయాణికులు చనిపోయారు. గాయపడి ఆసుపత్రిలో ఉన్నవారి వాంగ్మూలాలను, బతకరేమోనని, మేజిస్ట్రేటు రాసుకున్నారు. వాళ్లు బతికారు. బతికాక అది మరణ వాంగ్మూలం కాదు. సంఘటనలో భాగమైన మాట అందామంటే మధ్యలో వ్యవధి వచ్చేసింది. 1996లో సుప్రీంకోర్టు రెండు తలుపులూ మూసి, ఆ వాంగ్మూలాలు బోనులో వాళ్లు చెప్పిన మాటకు దన్నుగా మాత్రమే పనికొస్తాయంది. బతికిన సాక్షులు స్వయంగా వచ్చి చెప్పారు కాబట్టి కేసుకు లోటు రాలేదు.

## తాతల మాటకు ఎక్కడ విలువ

గెడ్డ నీరు ఏ మదుము నుంచి ఏ చెరువుకు వదలాలి, శ్మశానానికి దారి ఎటు అన్న తగాదాల్లో చూసినవారు ఎవరూ మిగలరు. పెద్దల నోటి మాటే మిగులుతుంది. ఊరుమ్మడి హక్కు గురించి, ఆచారం గురించి తెలిసి ఉండదగిన మనిషి, తగాదా పుట్టక ముందు చెప్పిన మాటైతే అతను పోయాక కూడా వినవచ్చు. తగాదా పుట్టాక చెప్పిందైతే వినరు; అప్పటికి ప్రతి తాతా ఏదో ఒక పక్షం తాతే. రెండు కుటుంబాల మధ్య గట్టు తగాదాకు ఇది వర్తించదు, అది ఊరుమ్మడి సంగతి కాదు గనుక.

చుట్టరికాలూ అంతే. తన కొడుకు ఫలానా రోజు పుట్టాడని చనిపోయిన తండ్రి స్నేహితుడికి రాసిన ఉత్తరం ఆ కొడుకు పుట్టిన తేదీకి సాక్ష్యమవుతుందని 1872 చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. నా లాంటివారికి కాస్త ఊరట.

## కండక్టరు కేసులో ఎందుకు చెల్లింది

ఇదంతా కోర్టు సంగతి. ఉద్యోగి మీద శాఖాపరమైన విచారణలో అంత పట్టింపు ఉండదు. హర్యానాలో ఒక బస్సు కండక్టరు పదకొండు మంది ప్రయాణికులకు టికెట్లు ఇవ్వలేదని తనిఖీ బృందం పట్టుకుంది. ఆ ప్రయాణికులలో ఒక్కరినీ విచారణకు పిలవలేదు, ఇన్‌స్పెక్టరు మాట మీదే ఉద్యోగం పోయింది. 1977లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తొలగింపును నిలబెట్టారు. ఇలాంటి విచారణలకు వినికిడి సాక్ష్యం పడదనేమీ లేదు, విషయంతో సంబంధం, నమ్మదగ్గ గుణం ఉంటే చాలన్నారు. ఆలోచిస్తే సబబే. శ్రీకాకుళం నుంచి పలాస వెళ్లే బస్సులో టికెట్టు లేకుండా దొరికిన మనిషిని నాలుగు నెలల తర్వాత ఎక్కడని వెతుకుతారు? కండక్టరు వైపు నుంచి చూస్తే మాత్రం, ముఖం చూపని పదకొండు మంది తన పొట్టకొట్టినట్టే.

## నియమం సడలించాలా?

సడలించాలనేవారి వాదనకు బలముంది. ఈ నియమం ఇంగ్లండులో జూరీల కాలంలో గట్టిపడింది. చట్టం తెలియని పన్నెండు మంది పుకారు విని మోసపోతారన్నది ఒక భయం. మన దేశంలో జూరీలు పోయి దశాబ్దాలైంది, ఇప్పుడు తూచేది శిక్షణ పొందిన జడ్జి. ఇంగ్లండు కూడా సివిల్ కేసుల్లో 1995 చట్టంతో ఈ నిషేధాన్ని తీసేసింది. క్రిమినల్ కేసుల్లో 2003 చట్టంతో చాలా సడలించింది. సాక్షి చనిపోతే ముందు చెప్పిన మాటను తీసుకోవచ్చు. మన ముసలమ్మ అక్కడ పుట్టి ఉంటే ఆమె మాట బతికేది. పైగా మనం జీవితమంతా వినికిడి మీదే నడుస్తాం. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం (ఆనవాళ్లను బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక)తో పాటు ఆప్తుల మాటను, అంటే నమ్మదగినవారి మాటను కూడా ప్రమాణంగానే ఒప్పుకుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటక ముందు దాన్ని కళ్లారా చూసిన మనిషి ఉద్దానంలో ఎవరున్నారు? హెచ్చరిక నమ్మి కదిలినవారంతా 'తుపానట' అనే కదిలారు.

వద్దనేవారు అడిగేది వేరు. తుపాను హెచ్చరిక తప్పయితే ఒక రాత్రి నిద్ర పోతుంది. సాక్ష్యం తప్పయితే ఒక మనిషి జైలుకు పోతాడు. ఊళ్లో కక్షలు, కులం, పెద్దరికం ఉన్న చోట లేని సాక్షిని సృష్టించడం చాలా సులువు, 'ఆయన నాతో అన్నాడు' అంటే సరిపోతుంది. ఆయన రాడు, వచ్చినా మాట మారుస్తాడు. మంచి వకీలును పెట్టుకోలేని నిందితుడికి అడ్డు ప్రశ్న అడిగే హక్కే ఉన్న ఒక్క ఆయుధం.

నా మట్టుకు నాకు ఈ రెండో వాదం బరువుగా ఉంది, చనిపోయిన ముసలమ్మ విషయంలో తప్ప. 2023లో చట్టాన్ని కొత్తగా రాసినప్పుడు ఆమె లాంటి సాక్షి గురించి ఆలోచించే అవకాశం వచ్చింది. ఆ భాగం దాదాపు ఉన్నదున్నట్టుగా నంబరు మారి వచ్చింది.

## 'ట' రాలిపోయినప్పుడు

నోటి మాటలో 'ట' ఎక్కువ దూరం ప్రయాణించదు. మొదటివాడు 'చూశాడట' అంటాడు, మూడోవాడి దగ్గరికొచ్చేసరికి 'చూశాడు' అవుతుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో సందేశాలు తెలుగు రాష్ట్రాల్లోనూ, దేశంలో ఇంకా చాలా చోట్లా పాకాయి. వాటిలో 'ట' లేదు. 'దిగారు, జాగ్రత్త' అనే ఉంది. ఆ అనుమానంతో జనం ముక్కూ మొహం తెలియనివారిని కొట్టి చంపారు. ఆ జూలైలో వాట్సాప్ రెండు మార్పులు చేసింది. మనదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. పంపుతున్నది సొంత మాట కాకపోతే, ఫార్వర్డ్ చేసినదని పైన చిన్న అక్షరాల్లో చూపడం మొదలుపెట్టింది. అంత పెద్ద కంపెనీ ఇంజినీర్లు కూర్చుని కనిపెట్టింది తెలుగు వ్యాకరణంలో ఎప్పటి నుంచో ఉన్న అక్షరాన్నే.

కాగితం మీద కూడా అది రాలిపోతుంది. నన్ను బడిలో వేసేటప్పుడు మా అమ్మమ్మ వరద సంగతి చెప్పిందట, దసరా సంగతీ చెప్పిందట. మాస్టారు అంతా విని, అయిదేళ్లు నిండేలా లెక్క సరిచూసుకుని, ఒక తేదీ రాసుకున్నారట. నా ఈడువాళ్లు చాలామందికి అదే తేదీ. ఉద్యోగంలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఆ తేదీయే నడుస్తోంది. దసరా ఏ ఏడాదీ ఆ నెలలో రాదని ఎవరూ అడగలేదు. మా అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. చట్టం చెప్పిన ఉత్తరం ఏదైనా ఆమె రాసి ఉంటే చూపించేవాణ్ని, కానీ ఆమెకు రాయడం రాదు. సర్టిఫికెట్టులో జూలై 1 అని ఉంది, చివర 'ట' లేకుండా.